డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

గొప్పవారిలో రెండు తెగలవారు కలరు. కొందరి పేరు లోకమంతటికిని తెలియును. వారు చేసిన పని యేమో పలువురకు తెలియదు. మరికొందరు చేసిన పని యింటింటను ఉపయోగపడుచుండును; వారి పేరు మాత్రము ఏ కొద్దిమందికో తెలియును. యల్లాప్రగడ సుబ్బారావు ఈ రెండవ తెగకు చెందినవాడు.

హైదరాబాదు నగరమునకు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు అను పేటలు కలవు. అచ్చట వైద్యవిద్యా ప్రవేశపరీక్షలకు బాలబాలికలను సిద్ధపరచు శిక్షణాలయములు పెక్కులు కలవు. పల్లెలనుండియు పట్టణములనుండియు వచ్చిన విద్యార్థులు రాత్రి ప్రొద్దుపోవువరకు పాఠములు చదువుచుందురు. వారి జీవశాస్త్ర గ్రంథములలో మాటిమాటికి కనిపించు మాట ఏ.టి.పి. ఏనుగు మొదలు కంటికానని సూక్ష్మజీవి వరకు ప్రతి ప్రాణియు తన పనులకు వెచ్చించు శక్తి ఆ పదార్థమునందే నిలువయుండును. దానిని మొట్టమొదట కనుగొన్నవారిలో నొకడు భీమవరమున పుట్టిన తెలుగువాడు. ఆతని చరిత్రము చదువదగినది.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి సీమలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. వారికి ఏడుగురు సంతానము. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యము వలన ఆయన ముందుగానే ఉద్యోగము విడువవలసి వచ్చెను. ఇంట బీదతనము నెలకొనెను. పెద్ద సంసారమును నడుపు భారము చాలవరకు వెంకమ్మ పైననే పడెను. ఆమె పట్టుదల గల యిల్లాలు. కొడుకులు చదివి పైకి రావలెనని ఆమె కోరిక.

కాని బాలుడైన సుబ్బారావునకు చదువుపై మనసు నిలువలేదు. తన పదుమూడవ యేట అతడొక వింత యాలోచన చేసెను. కాశికి పోయి, గంగాతీరమున యాత్రికులకు అరటిపండ్లమ్మినచో కావలసినంత ధనము చేకూరునని తలచి, ఒకనాడు ఎవరికిని చెప్పకుండ ఇల్లు విడిచి పోయెను. ఇంటివారు వెదకి త్రోవలోనే అతనిని పట్టుకొని తిరిగి తీసికొని వచ్చిరి. వెంకమ్మ కొడుకును మరల బడికి పంపెను. రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, పిమ్మట చెన్నపట్టణము చేరి, అచ్చటి హిందూ ఉన్నత పాఠశాలనుండి అతడు మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థుడయ్యెను. అదియు మూడవ పర్యాయమున. రెండుమార్లు తప్పిన ఆ బాలుడే ముందుముందు లోకమునకు పాఠము నేర్పగల శాస్త్రజ్ఞుడగునని ఆనాడెవరును ఊహించి యుండరు.

తండ్రి మరణించిన తరువాత సుబ్బారావు మనస్సు వైరాగ్యము వైపు మరలెను. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచు, గణితమున ప్రజ్ఞ చూపుచునే, అతడు రామకృష్ణ మఠమునకు రాకపోకలు సాగించెను. సన్న్యాసియై ప్రజలకు సేవ చేయవలెనని కోరెను. కాని తల్లి అనుమతి లేనిదే మఠమువారు అతనిని చేర్చుకొనరైరి, తల్లి అనుమతింపలేదు. వైద్యము చదివినచో మఠమువారి వైద్యశాలలలో రోగులను సేవింపవచ్చునని వారు హితము చెప్పిరి. ఆ మాట అతని హృదయమున నాటెను. కాషాయము ధరింపలేకపోయినను, సేవాబుద్ధిని మాత్రము అతడు విడువలేదు. ఇట్లు సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో విద్యార్థియయ్యెను. 1919లో అతనికి శేషగిరి అను కన్యతో వివాహము జరిగెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుని చదువునకు సాయపడెను.

ఆ కాలమున మహాత్మాగాంధి పిలుపు దేశమంతట మారుమ్రోగుచుండెను. విదేశవస్త్రములను విడిచి ఖద్దరు ధరించుట దేశభక్తికి గురుతయ్యెను. సుబ్బారావు శస్త్రచికిత్స శాలలో తొడుగు అంగీని గూడ ఖద్దరుతోనే కుట్టించుకొనెను. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయాచార్యునకు ఇది కోపకారణమయ్యెను. తుదకు, పరీక్షలలో చక్కగా వ్రాసినప్పటికిని, సుబ్బారావునకు పూర్తి వైద్యపట్టము లభింపలేదు. అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే ఇయ్యబడెను. ఆ ఖద్దరు అంగీకి ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో మంచి ఉద్యోగము దొరకుట దుర్లభమయ్యెను.

ఇంతలో అంతకంటె పెద్ద ఆపద వచ్చిపడెను. ఉష్ణదేశములలో వ్యాపించు స్ప్రూ అను జబ్బు ఆ కుటుంబమును పట్టుకొనెను. ఈ వ్యాధి సోకినవారికి తిన్న ఆహారము ఒంటబట్టదు. విరేచనములు ఆగవు. రక్తము క్షీణించి, దేహము ఎండి, రోగి నానాటికి కృశించిపోవును. అన్నయైన పురుషోత్తము, తమ్ముడైన కృష్ణమూర్తి, ఇరువురును కొద్ది దినముల వ్యవధిలో ఈ వ్యాధికే బలియైరి. వైద్యశాస్త్రము చదివిన సుబ్బారావు చేయగలిగినదేమియు లేకపోయెను. ఆనాడు ఆ జబ్బునకు మందే లేదు. కొన్నాళ్ళకు ఆయనకును అదే వ్యాధి సోకెను. ఆయుర్వేద వైద్యుడైన డాక్టరు ఆచంట లక్ష్మీపతి చికిత్స వలన ఆయన బ్రదికి బయటపడెను. పిమ్మట మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపెను. కాని సోదరుల మరణము ఆయన మనస్సును విడువలేదు. రోగము వచ్చిన పిమ్మట మందిచ్చు వైద్యుడుగా నుండుటకంటె, లేని మందును వెదకు శోధకుడు కావలెనని ఆయన నిశ్చయించుకొనెను.

అట్టి శోధనకు తగిన వసతులు ఆనాడు మన దేశమున లేవు. అమెరికాలోని బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమువారు ఉష్ణదేశ వ్యాధులను గూర్చి బోధించుచుండిరి. అచ్చటికి పోవుటకు ధనము లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును, మామగారును ద్రవ్యసహాయము చేసిరి. మూడేండ్లలో తిరిగివత్తునని భార్యకు మాట యిచ్చి, సుబ్బారావు ఓడ నెక్కెను.

బోస్టనులో ఆయన జీవితము కష్టములతో ఆరంభమయ్యెను. చేత డబ్బు లేదు. శీతలదేశము, క్రొత్త మనుష్యులు. మన దేశపు పట్టమున కచ్చట వైద్యవృత్తి చేయు అర్హత లేదు. కడుపు నింపుకొనుటకు ఆయన ఒక వైద్యశాలలో రాత్రివేళ కూలికి కుదిరెను. రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచుట ఆయన పని. పగలు తరగతిలో కూర్చుండి పాఠము వినుచు, రాత్రి ఆ పని చేయుచు ఆయన చదువు సాగించెను. సేవ చేయగోరి సన్న్యాసము పుచ్చుకొనదలచినవానికి ఆ పని నీచముగా తోచలేదు. ఉష్ణదేశ వైద్యమున డిప్లొమా పొందిన తరువాత, ఆయన హార్వర్డు వైద్య విద్యాలయములోని జీవరసాయనశాఖలో చేరెను. ఆ శాఖకు అధిపతి ఆటో ఫోలిన్ అను ప్రసిద్ధుడు. అచ్చటనే సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి సుబ్బారావు పరిశోధనల కారంభించెను.

వారికప్పగింపబడిన పని పైకి చూచుటకు మిక్కిలి సామాన్యమైనది. మనుష్యుని రక్తములోను, మూత్రములోను, కండరములలోను భాస్వరము ఎంత కలదో కొలువవలెను. భాస్వరమనగా ఫాస్ఫరస్. అది ఎముకలలోను దంతములలోను మెండుగా నుండును. ఇతర భాగములలో స్వల్పముగా నుండును. స్వల్పమైన దానిని సరిగా కొలుచుట కష్టము. అప్పటికి వాడుకలోనున్న పద్ధతులు నమ్మదగినవి కావు. ఫిస్కే, సుబ్బారావులు ఒక క్రొత్త పద్ధతిని సిద్ధపరచిరి. కొలువవలసిన ద్రవమునుండి మాంసకృత్తులను తొలగించి, దానిలో ఆమ్లమును, మాలిబ్డేటు అను లవణమును కలుపుదురు. భాస్వరము ఫాస్ఫేటు రూపమున నున్నచో అది మాలిబ్డేటుతో కూడుకొనును. పిమ్మట వేరొక రసాయనమును చేర్చినచో ద్రవము నీలిరంగు పొందును. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా నుండునో నీలిమ అంత చిక్కనగును. తెలిసిన మోతాదుగల ద్రవపు రంగుతో దానిని సరిపోల్చి చూచినచో లెక్క తేలును. 1925లో ఈ పద్ధతి ప్రకటింపబడెను. నేటికిని ప్రపంచమందలి ప్రయోగశాలలలో ఇది ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యను పేరుతో వాడుకలో నున్నది.

కొలత సరియైనదైనచో అంతవరకు కంటబడని విషయములు కంటబడును. ఈ సత్యము వెంటనే రుజువయ్యెను. కండరములనుండి తీసిన ద్రవములో ఈ పద్ధతి ననుసరించి ఫాస్ఫేటును కొలుచుచుండగా, ఒక వింత కానవచ్చెను. రంగు వెంటనే పూర్తిగా రాలేదు. కొంతసేపటి వరకు నీలిమ మెల్లమెల్లగా చిక్కబడుచునే యుండెను. వేరొకరైనచో పద్ధతిలో ఏదో లోపము కలదని తలచి ఊరకుందురు. ఫిస్కే, సుబ్బారావులు అట్లు చేయలేదు. ఫాస్ఫేటు కొంత వేరొక పదార్థముతో ముడిపడి యున్నదనియు, ఆ ముడి ఆమ్లములో క్రమక్రమముగా విడిపోవుచున్నదనియు వారు గ్రహించిరి. ఆ పదార్థమును వేరుచేసి చూడగా అది క్రియాటిన్, ఫాస్ఫేటు కలిసి యేర్పడినదని తెలిసెను. దానికి ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. 1927లో ఈ సంగతి వెల్లడియయ్యెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు గూడ స్వతంత్రముగా ఆ పదార్థపు జాడ కనిపెట్టిరి. కండరము పనిచేయునపుడు ఈ పదార్థము తగ్గుననియు, విశ్రాంతి తీసికొనునపుడు మరల పెరుగుననియు ప్రయోగములు తెలిపెను.

ఈ విషయము చిన్నది కాదు. కండరము సంకోచించుటకు కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లము పుట్టుట వలననే లభించునని అప్పటి పండితుల నమ్మకము. కండరములను గూర్చిన పరిశోధనలకే ఏ.వి. హిల్, ఆటో మేయర్‌హాఫ్ అను ఇరువురకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. భాస్వరముతో కూడిన పదార్థములే శక్తికి నెలవులని క్రొత్త పరిశోధనలు చూపుచుండగా, ఆ నమ్మకము సడలసాగెను. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరములలో మరియొక పదార్థమును కనుగొనిరి. అడినీను, ఒక చక్కెర, వానికి వరుసగా తగులుకొనియున్న మూడు ఫాస్ఫేటులు, వీని కూడికయే ఆ పదార్థము. దాని పొడుగైన పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, పొట్టిపేరు ఏ.టి.పి. ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని విడిగా కనుగొనెను. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావునకు డాక్టరేటు పట్టము నొసగెను.

ఏ.టి.పి. చేయు పని యెట్టిది? సంతలో సరకు కొనువాడు ధాన్యపు బస్తాను వెంట మోసికొని తిరుగడు. దానినమ్మి నాణెములుగా మార్చుకొని, ఆ నాణెములనే వెచ్చించును. ప్రాణులును అట్లే మనము తిను అన్నమునందలి శక్తిని ఏ.టి.పి. అను నాణెములుగా మార్చుకొనును. చివరనున్న ఫాస్ఫేటు విడిపోయినపుడు వెలువడు శక్తిచే కండరములు కదలును, నరములు పనిచేయును, క్రొత్త కణములు నిర్మింపబడును. విడిపోయిన ఫాస్ఫేటును మరల అతికించుటచే నాణెము మరల తయారగును. ఒక మనుష్యుని దేహములో ఒక దినమున ఇట్లు తయారగు ఏ.టి.పి. సుమారుగా ఆతని దేహపు బరువంత యుండునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. కాని ఏ క్షణమునందైనను ఒంటిలో నుండునది మిక్కిలి కొద్ది. ఉన్న కొద్ది నాణెములే మరల మరల చేతులు మారుచుండునన్నమాట.

ఈ నాణెములను ముద్రించు టంకశాల ఎచ్చట నున్నదో సుబ్బారావు జీవితకాలమున ఎవరికిని తెలియదు. 1961లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడైన పీటర్ మిచెల్ ఒక క్రొత్త సిద్ధాంతమును ప్రతిపాదించెను. ఎల్.బి.నగరునుండి సాగు నొక బాట నాగార్జునసాగరమునకు పోవును. అచ్చట ఆనకట్ట కృష్ణానదీ జలమును ఎత్తున నిలిపియుంచును. ఆ నీరు క్రిందికి దూకునపుడు చక్రములు తిరిగి విద్యుచ్ఛక్తి పుట్టును. సూక్ష్మజీవి దేహమును చుట్టియున్న పలుచని పొరయు ఇట్టి ఆనకట్టయే. ఆహారమునుండి లభించిన శక్తితో సూక్ష్మజీవి హైడ్రొజను అయానులను పొరకు వెలుపలికి తోడిపోయును. అవి లోనికి మరలివచ్చుటకు త్రోవ ఒక ఎంజైము గుండ పోవును. వాని ప్రవాహమునకు ఆ ఎంజైము చక్రమువలె తిరుగును. తిరుగుచు ఫాస్ఫేటును అతికించి ఏ.టి.పి.ని తయారుచేయును. సరూర్‌నగరు చెరువు బురదలో నివసించు సూక్ష్మజీవికిని, దాని గట్టున నడచు మనుష్యునికిని ఈ యేర్పాటు ఇంచుమించుగ ఒకటే. భేదమేమనగా, మనకు కణములోపల ఈ పనికి ప్రత్యేకమైన గదులు కలవు. సూక్ష్మజీవికి దాని పైపొరయే టంకశాల. మిచెల్ సిద్ధాంతమును మొదట పలువురు అంగీకరింపలేదు. ప్రయోగములు దానిని బలపరచిన పిమ్మట 1978లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఈ ఎంజైము పనితీరును విప్పిచెప్పిన పాల్ బోయర్, జాన్ వాకర్ అనువారు 1997లో ఆ గౌరవమును పొందిరి. ఆ సంవత్సరముననే జపాను శాస్త్రజ్ఞులు ఒక సూక్ష్మజీవినుండి ఈ ఎంజైమును తీసి, అది నిజముగా గిరగిర తిరుగుటను సూక్ష్మదర్శినిలో కన్నులార చూచిరి.

కంటికానని ఈ చక్రము పనిని కొలుచుట యెట్లు? శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవులను పెంచి, వానిని పగులగొట్టి, పొర తునుకలను మాత్రము వేరుచేయుదురు. వానికి ఏ.టి.పి.ని అందించినచో ఎంజైము వెనుకకు పనిచేసి ఫాస్ఫేటును విడదీయును. ఇన్ని నిమిషములని లెక్కపెట్టి, ఆమ్లముతో పని నాపి, విడివడిన ఫాస్ఫేటును కొలుతురు. ఎట్లు కొలుతురు? మాలిబ్డేటు కలిపి, నీలిరంగు తెప్పించి. 1925 నాటి ఆ నీలిమయే ఇచ్చటను సాక్షి. ఎంజైము ముందునకు పనిచేసి ఏ.టి.పి.ని తయారుచేయుటను కొలువవలెనన్నచో మరియొక ఉపాయము కలదు. మిణుగురు పురుగు వెలుగుటకు ఏ.టి.పి. కావలెను. మిణుగురునందలి వెలుగు పదార్థములను చేర్చినచో, ఏ.టి.పి. ఎంత యుండునో వెలుగంత ప్రకాశించును. ఆ వెలుగును యంత్రముతో కొలుతురు. ఇట్టి కొలతల వలన రోగులకును మేలు కలిగినది. క్షయరోగమును కలిగించు సూక్ష్మజీవి పొరలోని ఈ చక్రమును ఆపివేయు బెడాక్విలిన్ అను మందునకు 2012లో అమెరికాలో అనుమతి లభించెను. ఇతర మందులకు లొంగని క్షయకు మన దేశమునను దానిని వాడుచున్నారు.

ఇంత గొప్ప పరిశోధనలు చేసినను, హార్వర్డులో సుబ్బారావునకు స్థిరమైన పదవి లభింపలేదు. అయినను ఆయన పని మానలేదు. మూడేండ్ల గడువు ఎన్నడో దాటిపోయెను. ఇంటికడ శేషగిరమ్మ ఎదురుచూచుచునే యుండెను. తండ్రి విదేశమున నుండగా పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. ఆ బిడ్డ ముఖమును సుబ్బారావు చూడనే లేదు. వచ్చెదను, వచ్చెదను అనుచునే ఆయన ప్రయాణమును వాయిదా వేయుచుండెను. చేతిలోని పని పూర్తిచేసి పోవలెనని తలచును. ఆ పని పూర్తియగులోపల మరియొకటి మొదలగును. లోకమునకు మేలుచేసిన ఆ పట్టుదలయే ఒక యిల్లాలికి జీవితమంతయు ఒంటరితనమును మిగిల్చెను. ఆయన కీర్తిని చెప్పునపుడు ఆమె త్యాగమును మరచుట న్యాయము కాదు.

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొలదికాలమునకే పరిశోధనశాఖకు అధిపతియయ్యెను. ఎన్నాళ్ళుగానో ఆయన మనస్సున దాగియున్న కోరిక తీరు తరుణము వచ్చెను. కొన్ని విధములైన రక్తహీనత ఒక పోషకపదార్థపు లోపమువలన కలుగుచున్నదని, లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలోని గర్భిణీస్త్రీలను పరీక్షించి 1931లో తెలిపియుండెను. పాలకూర మొదలగు ఆకుకూరలలో నుండు ఆ పదార్థమునకు ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చెను. ప్రకృతిలో అది మిక్కిలి స్వల్పముగా లభించును. సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును తెలిసికొని, కృత్రిమముగా తయారుచేసి, 1945లో లోకమునకు ప్రకటించిరి. స్ప్రూ వ్యాధివలన కలుగు రక్తహీనతకు అది చక్కని మందని తేలెను. తన సోదరులను పొట్టనబెట్టుకొన్న రోగమునకు సుబ్బారావు ఎట్టకేలకు విరుగుడు సాధించెను. అప్పటికి వారు పోయి ఇరువది యేండ్లు దాటెను. నేడు మన దేశమున గర్భిణీస్త్రీలకు ఆరోగ్యకేంద్రములలో ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలలో నుండునది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఆ పరిశోధననుండియే వేరొక మందు పుట్టెను. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనికి అడ్డుపడు పదార్థములను సుబ్బారావు బృందము తయారుచేసెను. పసిపిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరు అప్పటివరకు మందులేని మృత్యువు. బోస్టనులోని డాక్టరు సిడ్నీ ఫార్బర్, అమినాప్టెరిన్ అను ఈ పదార్థమును పదునారుగురు బిడ్డలకిచ్చి చూచెను. వారిలో పదిమందికి కొంతకాలము గుణము కనిపించినట్లు 1948లో ఆయన ప్రకటించెను. ఆ గుణము శాశ్వతము కాలేదు. కాని క్యాన్సరును మందుతో ఎదిరింపవచ్చునను ఆశ అప్పుడు చిగురించెను. దానికి సోదరియైన మెథోట్రెక్సేటు అను మందు క్యాన్సరునకును, కీళ్ళవాతమునకును నేటికిని వాడుకలో నున్నది.

గోదావరి మండలములలో బోదకాలు వ్యాధి తరతరాలుగా ప్రజలను బాధించినది. కాళ్ళు వాచి, రోగి నడువలేక, నలుగురిలోనికి రాలేక క్రుంగిపోవును. ఈ వ్యాధిని కలిగించు పురుగులను చంపు హెట్రజాన్ అను మందు లెడర్లీ ప్రయోగశాలలో 1947లో వెలువడెను. బోదకాలును రూపుమాపుటకు మన ప్రభుత్వము ఇంటింటికి పంచిపెట్టు మాత్రలలో డి.ఇ.సి. అను పేరుగలది ఇదియే. ఆ కాలముననే వృద్ధుడైన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు అదే ప్రయోగశాలలో మట్టినుండి సేకరించిన సూక్ష్మజీవులను పరీక్షించి, ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబమున అది మొదటిది. 1948లో అది లోకమునకు తెలియజేయబడెను. ఆ పరిశోధనకు ప్రోత్సాహమొసగినవాడు సుబ్బారావు. కాని పేరు ప్రకటించుకొనుట ఆయనకు రుచింపదు. తోడివారిని ముందుకు త్రోసి తాను వెనుక నిలుచుట ఆయన స్వభావము. కనుకనే ఆయన చేసిన పనులు పెక్కు ఇతరుల పేర వ్యాప్తిలోనికి వచ్చెను.

ఇన్నేండ్లు అమెరికాలో నివసించియు సుబ్బారావు ఆ దేశపు పౌరుడు కాలేదు. 1947లో భారతదేశము స్వతంత్రమయ్యెను. మరుసటి సంవత్సరము ఆగస్టు నెలలో ఒకనాటి రాత్రి, పెర్ల్ రివరులోని తన నివాసమున నిద్రించిన సుబ్బారావు మరల లేవలేదు. హృద్రోగము ఆయన ప్రాణమును హరించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. ఓడ నెక్కిననాడు విడిచిన తెలుగునేలను ఆయన మరల త్రొక్కలేదు. ఆయన గౌరవార్థము ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని శాస్త్రజ్ఞులు పేరిడిరి. 1995లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలా బిళ్ళను వెలువరించెను.

బాలలారా! మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పిన బాలుడు, పూర్తి పట్టము దొరకని వైద్యుడు, స్థిరమైన పదవి లభింపని ఆచార్యుడు, వీరందరును ఒక్కడే. అవమానము కలిగినపుడు ఆయన కోపముతో కాలము పుచ్చలేదు, పని వెదకుకొనెను. ఆయన చేసిన మొదటి గొప్ప పని భాస్వరమును సరిగా కొలుచుట. రంగు రావలసినపుడు రాలేదేమని ఆగి ఆలోచించుట రెండవది. ప్రాణికోటి శక్తి రహస్యము ఆ చిన్న ఆలస్యమునందే దాగియుండెను. మీరు ప్రయోగశాలలో పరీక్షనాళికను చేతబట్టినపుడు, లెక్కకు సరిపోని ఫలము కనబడినచో దానిని తుడిచివేయకుడు. అది ఎందువలన వచ్చినదో తెలిసికొనువరకు విడువకుడు.